మందారానికి పిండినల్లి, చేతిలో విశాఖ టికెట్లు

ప్రశ్న: మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి వైపు సొంత ఇల్లు. మిద్దె మీద నలభై దాకా కుండీలు పెట్టుకున్నాను. మందారం, వంగ, బెండ, కరివేపాకు, మల్లె, పెద్ద డ్రమ్ములో జామ. ఫిబ్రవరి చివర్లో మందారం కొసలకు తెల్లగా పిండి పట్టింది. ఇప్పుడు వంగకూ పాకింది. బెండాకులు పసుపుపచ్చగా మారుతున్నాయి. జామాకుల మీద మసి. ఇదిలా ఉండగా మా ఆయన నన్ను ఒక్క మాట అడక్కుండా ఏప్రిల్ 25కి విశాఖ రైలుకు టికెట్లు తీసేశారు. తిరుగు టికెట్లు ఇంకా తీయలేదు. అరకు కూడా చూసుకుని మే 8 దాకా ఉండొద్దాం అంటారు. మా అత్తయ్యకు సింహాచలం చూడాలని ఎప్పట్నుంచో ఆశ. కానీ గంగమ్మ జాతర చాటింపు వేసేలోపు ఊళ్లో ఉండాలని పట్టు. మా వాడు ఏడో తరగతి. కింద వాటాలో యూనివర్సిటీలో చదివే ఇద్దరమ్మాయిలు అద్దెకుంటారు, వాళ్లకు మొక్కల సంగతి ఏమీ తెలీదు. నేను లేకపోతే మిద్దె మీద ఒక్కరూ చెంబుడు నీళ్లు పొయ్యరు. ‘ఇంత పురుగు పట్టిన మొక్కల్ని వదిలి నేను రాను, మీరే వెళ్లి రండి’ అనేశాను. మర్నాడు ఆయన ఏదో పురుగుమందు డబ్బా తెచ్చి, ‘ఇది కొట్టు, అన్నీ చస్తాయి, బయల్దేరు’ అన్నారు. మూడు రోజులుగా ఇంట్లో మాటల్లేవు. ఏం చెయ్యమంటారు?
— పేరు వద్దు, తిరుపతి

సమాధానం:

ముందు ఆ డబ్బా సంగతి తేల్చుకుందాం. మూత విప్పకపోయి ఉంటే విప్పకండి. దాని మీద ఓ మూల నిలబెట్టిన చతురస్రం గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కింది సగం ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఏదో ఒకటి. ఎరుపు అన్నిటికన్నా ఘాటైన విషం, ఆ తర్వాత పసుపు, తర్వాత నీలం, అన్నిటికన్నా తక్కువది ఆకుపచ్చ. ఎరుపో పసుపో అయితే ఇంకో ఆలోచన లేకుండా కొన్నచోటే తిరిగి ఇచ్చేయమనండి. మోనోక్రోటోఫాస్ అన్న పేరు కనిపిస్తే మరీనూ. కూరగాయల మీద దాన్ని వాడకూడదని 2005లోనే ప్రభుత్వం నిషేధించింది. అయినా ‘అన్నిటికీ పనిచేస్తుంది’ అని చేతిలో పెట్టేవాళ్లకు కొదవ లేదు.

పొలంలో కొట్టే మందు మిద్దె మీదికి పనికిరాదు. మిద్దె మీద నీళ్ల ట్యాంకు ఉంటుంది, దాని మూత సగం రోజులు పక్కకు జరిగే ఉంటుంది. బట్టలారేసే తీగ ఉంటుంది. ఈ నెలలో అయితే వడియాలు, మజ్జిగ మిరపకాయలు కూడా అక్కడే ఎండుతుంటాయి. పైగా మందు కొట్టి ఊరెళ్లడమంటే ఇంకా ప్రమాదం. మీరు లేనప్పుడు కింది అమ్మాయిలు చారులోకని ఓ కరివేపాకు రెబ్బ తుంపుకున్నారనుకోండి, దాని మీద ఏముందో వాళ్లకేం తెలుసు?

ఇక పురుగులు. మీరు ఒక్క ఉత్తరంలో మూడు వేరువేరు జబ్బులు చెప్పారు. మూడింటికీ ఒకే మందు లేదు. ఒకదానికైతే అసలు మందే లేదు.

మందారానిది పిండినల్లి. పొద్దున ఎండ పడక ముందు మిద్దెక్కి, బాగా పట్టిన ఒక కొస తుంచి చేతిలోకి తీసుకోండి. లేతాకులన్నీ పిడికిలి బిగించినట్టు ముడుచుకుపోయి ఉంటాయి. పుల్లతో విప్పి చూస్తే మడతల్లో తెల్లటి నూగు సంచులు, వాటి పక్కన నింపాదిగా పాకే పిండిరంగు పురుగులు. ఆ సంచుల్లో ఉన్నవి గుడ్లు. పెద్ద పురుగు ఒంటి మీద మైనం పూత ఉంటుంది, గుడ్లకు సంచి కాపలా ఉంటుంది. అందుకే ఒక్కసారి ఏం కొట్టినా పైపైనే పోతుంది. అప్పుడే గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల పురుగుకు మాత్రం ఇంకా మైనం పట్టి ఉండదు. మన చేతికి చిక్కేది అదే. కాబట్టి వారానికోసారి, వరసగా మూడు వారాలు కొడితేనే ఫలితం. ఈ రోజు మొదలుపెడితే ఏప్రిల్ మధ్యకల్లా మీ పని అయిపోతుంది, ప్రయాణానికి ఇంకా పది రోజులుంటుంది. ఇదంతా రైలెక్కే ముందు రోజు హడావిడిగా చేసే పని కాదు.

కొట్టేముందు రెండు పనులు. ముడుచుకున్న కొసలన్నీ కత్తెరతో కత్తిరించి ప్లాస్టిక్ కవర్లో వేసి, మూతి కట్టి, ఓ రెండు రోజులు ఎండలో పడేయండి, తర్వాత చెత్తబండిలో వెయ్యండి. కత్తిరించిన కొమ్మను పక్క కుండీలో పడేశారంటే వంగకు పాకిందెలాగో ఇక వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత పైపుకు వేలు అడ్డం పెట్టి, ఆకుల అడుగున, కొమ్మల సందుల్లో నీళ్లు గట్టిగా కొట్టండి. సగం పురుగు అక్కడే రాలిపోతుంది.

తర్వాత మందు. రాత్రి గుప్పెడు కుంకుళ్లు నానేసి, పొద్దున పిసికి, గుడ్డలో వడకట్టండి. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలిసేందుకు సరిపడా కుంకుడు రసం. చిలక్కొడితే తెల్లగా పాలలా కావాలి. నూనె పైకి తేలుతుంటే ఇంకాస్త రసం పొయ్యండి. బట్టలుతికే పొడి మాత్రం వెయ్యొద్దు, ఆకులు మాడతాయి. మొదట ఒక్క కొమ్మకు కొట్టి మర్నాడు చూసి, మాడకపోతేనే మిగతా వాటికి. సాయంత్రం ఎండ దిగాక మాత్రమే. కలిపింది ఆ పూటకే, మర్నాటికి దాచకండి.

ఇంత చేసినా చీమల్ని వదిలేస్తే లాభం లేదు. మందారం కాండం మీద పైకీ కిందికీ వరస కట్టిన చీమలు మీకు కనిపించే ఉంటాయి, పట్టించుకుని ఉండరు. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం చీమలు దాన్ని పెంచి పోషిస్తాయి. తినడానికొచ్చిన పురుగుల్ని తరిమేస్తాయి, పిల్లల్ని కొత్త కొమ్మకు మోసుకెళ్తాయి కూడా. కాండానికి ఓ గుడ్డ పేలిక చుట్టి దాని మీద గ్రీజు రాయండి. కొమ్మ గోడకో పక్క మొక్కకో తగులుతుంటే కత్తిరించండి, లేకపోతే ఆ దారిన వస్తాయి.

ఇంకొకటి. పిండినల్లి మధ్యలో ఒళ్లంతా తెల్లటి నూగు పోగులతో, మిగతా వాటికన్నా పెద్దగా, చురుగ్గా తిరిగేది కనిపిస్తే చంపకండి. అది అక్షింతల పురుగు పిల్ల. చూడ్డానికి అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది గానీ తినేది పిండినల్లినే. అది ఉన్న కొమ్మకు మందు కొట్టకండి, దాని పని దాన్ని చేసుకోనివ్వండి.

బెండది పల్లాకు తెగులు. ఈనెలు పసుపెక్కి, తర్వాత ఆకంతా పచ్చబడి, కాయలు తెల్లబారి గిడసబారతాయి. ఇది వైరస్, తెల్లదోమ మోసుకొస్తుంది. దీనికే మందు లేదన్నది. పచ్చబడిన మొక్కల్ని మనసు గట్టి చేసుకుని పీకేయండి, మిగతావాటి దగ్గర పసుపురంగు జిగురు అట్టలు రెండు వేలాడదీయండి. ఎలాగూ వేసవి బెండకు ఈ బెడద ఎక్కువే. ఊరినుంచి వచ్చాక, వానలు పడ్డాక కొత్త విత్తనం వేసుకోవచ్చు. వంగ విషయంలో పిండినల్లితోపాటు ఇంకోటి చూసుకోండి. నీళ్లు పోసినా కొస మాత్రమే వాలిపోతుంటే లోపల తొలిచే పురుగు ఉన్నట్టే. వాలిన చోటికి రెండంగుళాల కిందికి కత్తిరించి పారేయండి.

జామాకుల మసి గురించి కంగారు పడకండి, అది అసలు రోగం కాదు. ఒకసారి తలెత్తి పక్కింటి టెంకాయ చెట్టు ఆకుల అడుగు చూడండి. తెల్లటి సున్నాల్లా, చుట్లు చుట్లుగా గీసినట్టు కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో బయటపడింది, తర్వాత మన రాష్ట్రానికీ వచ్చింది. జామకూ పడుతుంది. దాని జిగురు కింది ఆకుల మీద పడి, దాని మీద నల్లటి బూజు పెరుగుతుంది. లీటరు నీళ్లలో 10 గ్రాముల మైదా ఉడికించి, చల్లార్చి, వడగట్టి చల్లండి. ఎండకు ఆరి పొరలు పొరలుగా ఊడొస్తుంది, మసి కూడా దాంతోనే పోతుంది. ఇక్కడ కూడా ఘాటు మందులు కొడితే ఆ దోమను అదుపులో పెట్టే చిన్న కందిరీగలు ముందు చస్తాయి, దోమ మిగులుతుంది.

కరివేపాకు గురించి మీరు అడగలేదు గానీ ఈ రోజుల్లో దానికీ పురుగు వస్తుంది. పిట్ట రెట్టలా ఉన్న చిన్న గొంగళి, పెద్దదైతే ఆకుపచ్చగా మారుతుంది. నిమ్మజాతి సీతాకోకచిలుక పిల్ల అది. ఒకదాన్ని రెండు రెబ్బలతో సహా గాజు సీసాలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి మీవాడి చేతికివ్వండి. ఒంటిపూట బడులు మొదలయ్యాయి కదా, మధ్యాహ్నమంతా ఫోన్ పట్టుకుని కూర్చునే బదులు రోజూ ఆకు మారుస్తూ చూసుకుంటాడు.

ఇంతవరకూ మొక్కలు. ఇప్పుడు మీ మీదికొస్తాను, కోపం తెచ్చుకోకండి.

‘నేను లేకపోతే ఒక్కరూ చెంబుడు నీళ్లు పొయ్యరు’ అన్నారు. ఎప్పుడైనా పొయ్యనిచ్చారా? ఎవరైనా పోస్తే ఎక్కువ పోశారనో, మధ్యాహ్నం పోశారనో, ఆకుల మీద పోశారనో అని ఉండరూ? తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకు అనంతాళ్వారు కథ కొత్త కాదు. రామానుజుల మాట మీద కొండకెళ్లి స్వామికి పూలతోట వేశాడాయన. తోటకు చెరువు తవ్వుతూ, నిండు గర్భిణి అయిన భార్య మట్టి మోస్తుంటే, ఓ కుర్రాడొచ్చి సాయం పట్టాడు. ఇది నా కైంకర్యం, వేరొకరి చెయ్యి పడకూడదని ఆళ్వారు గునపం విసిరాడు. అది కుర్రాడి గడ్డానికి తగిలింది. ఆ తర్వాత గుళ్లో చూస్తే స్వామి గడ్డం నుంచి రక్తం. ఇప్పటికీ స్వామి గడ్డానికి పచ్చకర్పూరం పెట్టేది అందుకేనంటారు. ఆ గునపం మహాద్వారం దగ్గర గోడకు వేలాడుతూనే ఉంటుంది, లోపలికెళ్లే తోపులాటలో మనం తలెత్తి చూడం గానీ. ఆయన భక్తిని శంకించేవాళ్లు ఎవరూ లేరు. కానీ ఆ కథలో మట్టి తట్టెత్తుతూ అలసిపోయింది ఆయన భార్య, దెబ్బ తిన్నది సాయానికొచ్చినవాడు.

మీ ఆయన మిమ్మల్ని అడక్కుండా టికెట్లు తీయడం తప్పే. అది ఆయనకు సూటిగా చెప్పండి, ఒక్కసారే చెప్పండి. అయితే ఆ డబ్బా తేవడం వెనక మొక్కల మీద పగ ఏమీ లేదు. మీరు కూడా రావాలని ఆయనకు తోచిన దారి అది. దారి తప్పు, కోరిక తప్పు కాదు. ‘నేను రాను’ అన్నమాటకు ఆయన దగ్గర జవాబు లేక కొట్టుకెళ్లారు.

మాటలు మళ్లీ మొదలు కావడానికి క్షమాపణల దాకా వెళ్లక్కర్లేదు. ‘రాత్రి కుంకుళ్లు నానేస్తున్నా, సాయంత్రం స్ప్రేయర్ మీరు పట్టుకోండి’ అనండి, చాలు. అడుగు ఆకులకు కొట్టాలంటే వంగాలి, ఆయన్నే వంగనివ్వండి. సరిగా కొట్టలేదని మాత్రం చేతిలోంచి లాక్కోకండి.

ఇక ప్రయాణం. వెళ్లండి. మే 8 దాకా మాత్రం వద్దు. మీ అత్తయ్య మాట చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఊళ్లోవాళ్లు పొలిమేర దాటి బయట ఉండిపోకూడదన్నది తిరుపతిలో తరతరాలుగా వస్తున్న మాట. నమ్మకం ఉన్న పెద్దావిడను తీసుకెళ్లి, అక్కడ రోజూ తేదీలు లెక్కపెట్టుకునేలా చేస్తే ఆ సింహాచలం దర్శనం కూడా ఆమె మనసుకు పట్టదు. పైగా బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం కట్టి జనం వీధుల్లో తిరిగే ఆ వారం మీ ఏడో తరగతి వాడు ఊళ్లో లేకపోవడమేమిటి? వాడికి అరకు ఎంతో ఇదీ అంతే.

కాబట్టి 25 రాత్రి బయల్దేరితే, ఏప్రిల్ 30 రాత్రికి విశాఖలో తిరుగు రైలెక్కేయండి. ఈ తిరుగు టికెట్లు ఇవాళే చూసుకోండి. 2024 నవంబర్ నుంచి రైల్వే రిజర్వేషన్ 120 రోజుల ముందు కాదు, 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంటే ఏప్రిల్ 30వ తేదీ బుకింగ్ మార్చి మొదట్లోనే మొదలైపోయింది, సెలవుల రద్దీకి ఇప్పటికే వెయిటింగ్ లిస్టు పెరుగుతూ ఉంటుంది. దొరక్కపోతే తత్కాల్ ఉంది, ముందు రోజు ఉదయం ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు. ఆన్‌లైన్‌లో తీయాలంటే ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ అయి ఉండాలి, ఆ పని ముందే చేసిపెట్టుకోండి. ముసలావిడతో వెళ్తూ తత్కాల్ మీద ఆధారపడటం మాత్రం నాకు నచ్చదు, బోలెడు టెన్షన్.

సింహాచలానికి వెళ్లేముందు పంచాంగం చూసుకోండి. వైశాఖ శుద్ధ తదియ నాడు, అంటే అక్షయ తృతీయ నాడు, చందనోత్సవం. ఏడాదంతా చందనం పూతలో ఉండే స్వామి ఆ ఒక్కరోజే నిజరూపంలో దర్శనమిస్తారు. ఆ రోజు జనం విపరీతం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో ఆ రోజూ, దాని ముందు రోజూ కొండ ఎక్కకండి. మిగతా రోజుల్లో వాహనం పైదాకా పోతుంది, ఇబ్బంది ఉండదు. అరకుకు పొద్దున్నే విశాఖలో బయల్దేరే కిరండూల్ రైలు పట్టుకోండి. దానికి అద్దాల విస్టాడోమ్ పెట్టె ఉంటుంది, సొరంగాలు వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు. బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, తడి. అత్తయ్య దిగలేనంటే బలవంతం చెయ్యకండి, ఒకరు ఆమెతో పైన కూర్చోండి.

మీరు లేని ఆ వారం నీళ్ల సంగతి. ఏప్రిల్ చివర తిరుపతి ఎండలో కుండీ మట్టి ఒక్క రోజుకే ఎండిపోతుంది, రెండో రోజు మొక్క తల వేలాడేస్తుంది. అందుకే కుండీల్ని ఉన్నచోటే వదిలేయకండి. బయల్దేరడానికి వారం ముందే చిన్నవన్నీ మెట్ల గది నీడకో, కింద ఉత్తరం వైపు గోడ దగ్గరికో చేర్చి, ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెట్టండి. మోసే పని మీ ఆయనదీ మీవాడిదీ. మట్టి మీద టెంకాయ పీచు గానీ ఎండుటాకులు గానీ రెండంగుళాల మందాన పరవండి. పెద్ద డ్రములు కదలవు కాబట్టి వాటి మీద గ్రీన్ షేడ్ నెట్ కట్టించండి. కోతకొచ్చిన వంకాయలన్నీ కోసేయండి, మొక్క తేలికపడుతుంది.

కింది అమ్మాయిలకు మొక్కల సంగతి తెలీదన్నారు. తెలియక్కర్లేదు. రోజూ పొద్దున ఏడు లోపు చిన్న కుండీకి ఒక మగ్గు, డ్రమ్ముకు ఒక బకెట్టు, అంతే వాళ్లకు చెప్పాల్సింది. మల్లెల సీజన్ కాబట్టి పూసిన మొగ్గలన్నీ వాళ్లవేనని చెప్పండి, రోజూ సాయంత్రం వాళ్లంతట వాళ్లే పైకెళ్తారు. వెళ్లే ముందు ఓ నాలుగు రోజులు వాళ్లతోనే నీళ్లు పోయించండి. మీరు కింద వంటింట్లోనే ఉండండి. అక్కణ్నుంచి ‘అయ్యో ఆకుల మీద పొయ్యకండి’ అని అరవకుండా ఉండగలిగితే ఇంకా మంచిది. వీడియో కాల్ చేసి మొక్కలు చూపించమని అడగడం రోజుకు ఒక్కసారే.

నలభై కుండీల్లో రెండో మూడో పోవచ్చు. పోతే మళ్లీ వేసుకుందురు.

అరకులో కాఫీ తోటలు చూసి ముచ్చటపడి మీరు మొక్క తెచ్చుకునే రకంలానే ఉన్నారు. మన మే ఎండకు అది బతకదు, కాఫీ పొడి తెచ్చుకోండి. విశాఖలో ఏ నర్సరీలోనో ఇంకేదైనా మొక్క కొంటే తిన్నగా మిద్దెక్కించకండి. ఓ రెండు వారాలు కింద మెట్ల దగ్గర విడిగా పెట్టి, ఆకుల అడుగు, కొమ్మల సందులు రోజూ చూసి, తెల్ల నూగు లేదని నమ్మకం కుదిరాకే మిగతావాటి దగ్గరికి చేర్చండి. మీ మందారానికి ఈ పిండినల్లి కూడా బహుశా అలాంటి కొత్త మొక్కతోనే వచ్చి ఉంటుంది. ఫిబ్రవరికి ముందు ఏం కొన్నారో ఒకసారి గుర్తు తెచ్చుకుని, దాని ఆకులు కూడా తిప్పి చూడండి.